మమ్మల్ని అడగకుండా మా లెక్క రాయకండి: జనగణన అధికారికి బహిరంగ లేఖ

రాష్ట్ర జనగణన ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. నేను ట్రాన్స్ మహిళను. జనగణనలో మా లింగాన్ని మమ్మల్నే అడిగి రాయమని మూడు సోమవారాలు వరుసలో నిలబడి మూడు అర్జీలు ఇచ్చాను. రెండింటికి రసీదు ఇచ్చారు. మూడోసారి "ఇది మా పరిధిలోది కాదమ్మా, పైకి పంపిస్తాం" అన్నారు. ఆ పైన ఉన్నది మీరేనని నమ్మి ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్క రాసే ఎన్యూమరేటర్‌గా మా ఇంటికి వచ్చింది ఊరి బడి పంతులే. నాన్న వాకిట్లో నులక మంచం వాల్చి చాయ్ తెప్పించాడు. పిల్లలెందరని అడిగితే "ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ" అన్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను. చెల్లెలి గాజులు వేసుకుని, చొక్కా చేతుల కింద దాచుకునే రోజులవి. పంతులు నా వైపు ఒకసారి చూసి, తల దించి, గడిలో ఒకటి వేశాడు. మగకు ఒకటి, ఆడకు రెండు, "ఇతరులకు" మూడు, అదీ ఆ గడి లెక్క. ఆయనను నిందించను. అడిగినా నాన్న ముందు నేను నోరు విప్పేదాన్ని కాదు. కానీ ఆ ఒకటి ఢిల్లీ దాకా వెళ్లి మగవాళ్ల లెక్కలో కలిసిపోయింది.

నాలాంటి వాళ్లు తప్పిపోగా దేశమంతటా తేలిన "ఇతరులు" 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. ఏ పథకం గురించి అడగబోయినా "మీరున్నదే అంతమంది కదా" అనే మాట వినాల్సి వస్తోంది. అయ్యా, ఆ దేశవ్యాప్త లెక్కలో 54,854 మంది ఆరేళ్లలోపు పిల్లలు! అంటే ప్రతి తొమ్మిది మందిలో ఒకరు. పాలు తాగే పసివాడి గురించి ఆ సంగతి ఎవరు చెప్పారు? పుట్టుకతోనే శరీరంలో తేడా ఉన్న పిల్లలు కొందరు ఉండవచ్చు, పొరపాటున పడిన అంకెలు కొన్ని ఉండవచ్చు. ఏది ఎంతో ఆ అంకెను చూసి విడదీయలేం. ఇంట్లో దాక్కుని బతికిన నేను మాత్రం అందులో లేను.

ఈ "ఇతరులు" అనే మాటే మాకు మింగుడు పడదు. నాతో ఒకే గదిలో ఉండే అక్క తాను స్త్రీనని చెబుతుంది, ఆమెకు రెండు పడుతుంది. ఐనవోలు మల్లన్న జాతరలో బోనమెత్తే, మగపుట్టుక పుట్టి దేవుడికి అంకితమైన మా శివసత్తి ఒకామెకు ఊళ్లో భార్యాపిల్లలున్నారు, అక్కడ ఒకటి. గురువు దగ్గర ఉండే హిజ్రాలకు మూడు. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్న తమ్ముడు ఏ గడిలో పడతాడో అతనికే తెలియదు. ఒకే బాధ పడేవాళ్లం ఇన్ని గడుల్లో చెదిరిపోయాక మిగిలిన అంకెను మా జనాభా అంటే ఎలా ఒప్పుకోవాలి?

ఇంగ్లండ్, వేల్స్ దేశాల్లో 2021 జనగణనలో, పుట్టినప్పుడు నమోదైన లింగమూ ఇప్పుడు మీరు చెప్పుకునే లింగమూ ఒకటేనా అని అడిగారు. ప్రశ్నను మెలిక పెట్టి రాయడంతో, ఇంగ్లిషు అంతగా రానివాళ్లలో కొందరు అర్థం కాక జవాబిచ్చి ఉంటారన్న అనుమానం వచ్చింది. 2024లో ఆ అంకెలకున్న ప్రామాణిక గుర్తింపును తొలగించారు. మన 2011 అంకెను కూడా అలా తిరిగి పరిశీలించమని అడగడం నేరమా?

ఎవరి లింగాన్ని వారే నిర్ణయించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. ఆ తర్వాత వస్తున్న మొదటి జనగణన ఈ 2027దే. ఫోనులో స్వయంగా నింపుకోవచ్చంటున్నారు. ఆ ఫోను కూడా ఇంటి పెద్ద చేతిలోనే ఉంటే మాకేం ఒరుగుతుంది? దయచేసి పెద్దవాళ్లను ఎవరికి వారిని విడిగా అడగమనండి. శిక్షణ రోజున మాలో ఒకరిని పది నిమిషాలు మాట్లాడనివ్వండి. అంకె ప్రకటించేటప్పుడు అందులోని లోపాలు కూడా దాని పక్కనే రాయండి. మళ్లీ చెబుతున్నాను, మమ్మల్నే అడగమనండి.

మా ఊళ్లో పదిహేడేళ్ల పిల్ల ఒకతి రాత్రిళ్లు నాకు ఫోను చేస్తుంది. ఇంట్లో ఆమెను కొడుకనే పిలుస్తారు. 2027 ఫిబ్రవరిలో ఆ వాకిట్లోకి ఎవరో ఒక పంతులు వెళ్తారు. ఆయనకు ఏం చెప్పి పంపుతారో నాకు జవాబు రాయండి. మూడు అర్జీల మీదా నా చిరునామా ఉంది.

ఇట్లు,
శివనగర్ నుంచి ఒక ట్రాన్స్ మహిళ,
వరంగల్