ఊద గడ్డి మీదే గడిచిన ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన రైతు సంఘం పనిలో సగానికి పైగా ఊద గడ్డి చుట్టూనే, అంటే లేతప్పుడు అచ్చం వరిలా కనిపించే కలుపు చుట్టూనే తిరిగింది. కూలీలు దొరక్క చాలామంది నాట్లు మానేసి విత్తనాన్ని నేరుగా పొలంలో వెదజల్లారు. నాట్లలో అయితే నారు అప్పటికే ఎదిగి ఉంటుంది, నీళ్లు నిలబెట్టి కలుపును అణచొచ్చు. వెదలో వరీ ఊదా ఒకేసారి మొలుస్తాయి. టెన్షన్ అంతా అక్కడే.

అందుకే ఖరీఫ్ మొదటి సమావేశం గట్టు మీదే పెట్టుకున్నాం. లేత మొక్కల్లో ఏది వరో ఏది ఊదో తేల్చడమే ఆ రోజు పని. ఆకు కాండం నుంచి విడివడే చోట మెల్లగా వెనక్కి వంచి చూడాలి. వరికి అక్కడ పల్చటి తెల్లటి పొర, పక్కనే నూగున్న చిన్న కొసలు కనిపిస్తాయి. ఊదకు ఆ రెండూ ఉండవు, బోసిగా ఉంటుంది. మొదలు ఎర్రగా ఉంటే ఊదేనని పెద్దలు అంటారు. చాలావరకు నిజమే, కానీ మొదలు ఎర్రబారే వరి రకాలూ ఉన్నాయి. పొరనే నమ్మండి.

నాటిన పొలాల్లో 3–5 రోజుల లోపు ప్రెటిలాక్లోర్ 50 శాతం కలుపు మందు ఎకరాకు అర లీటరు ఇసుకలో కలిపి, పల్చగా నీరుంచి చల్లమని చెప్పాం. తర్వాత మొలిచిన ఊదకు బిస్పైరిబాక్ సోడియం 10 శాతం ఎకరాకు 100 మి.లీ. చాలు. ఊద రెండు నుంచి నాలుగు ఆకులప్పుడే, నీరు తీసేసి కొట్టి, రెండు రోజుల్లోగా మళ్లీ నీరు పెట్టాలి. ఊద దుబ్బు కట్టాక డోసు పెంచి కొట్టడం డబ్బు దండగ. ఏటా ఒకే మందు వాడితే దానికి లొంగని ఊదే మిగిలి పెరుగుతుంది.

అసలు చాలా మడుల్లో గొడవ మందుది కాదు, దమ్ముది, అంటే నీరు పెట్టి దున్ని చదును చేయడంలో ఉంది. చదును కాక మిగిలిన మెరకల మీద నీరు నిలవదు, ఊద ముందు లేచేది అక్కడే. పైగా వరి కోతకు రాకముందే అది పండి గింజ రాల్చేస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు వేస్తుంది. కంకి వేసిన ఊదను పీకి గట్టున పడేయకండి, పొలం దాటించండి.

ఆదాయ వ్యయాల లెక్కలు సర్వసభ్య సమావేశంలో ముందుంచుతాం. చందా బాకీ ఉన్నవారు ఆలోగా కట్టగలరు. వచ్చే ఖరీఫ్‌లో వెదజల్లేవారు తొలి వానలకు లేచిన కలుపును దున్నేశాకే విత్తాలన్న ప్రతిపాదన మీద అదే రోజు నిర్ణయం తీసుకుందాం.

— కార్యదర్శి