ఏ కార్డు తీసుకోవాలని అడిగావు కదా, శీనా

నెల్లూరు,
ఆదివారం

ఒరే శీనా,

ఎట్టా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? ఏ క్రెడిట్ కార్డు తీసుకోవాలని ఫోన్లో అడిగావే, ఆ సంగతి నోటిమాటగా తెమిలేది కాదు. అంకెలు కాగితం మీద కనపడాలి, అందుకే ఈ ఉత్తరం.

ఏడాదికి ఐదువేల ఫీజు ఉన్న ఆ విమానాల కార్డు ఏజెంటుకి ఇంకా ఓటీపీ చెప్పలేదు కదా? చెప్పొద్దు. ఐదువేల మీద 18 శాతం జీఎస్టీ 900, మొత్తం 5,900. నువ్వు కార్డు మీద పెట్టగలిగేది నెలకి పాతికవేలు అన్నావు, అంటే ఏడాదికి మూడు లక్షలు. ఆ కార్డు నూటికి రెండు రూపాయల చొప్పున ఒక్క ఖర్చూ వదలకుండా ఇచ్చినా నీకొచ్చేది ఆరువేలు. ఏడాదంతా గీకితే మిగిలేది వంద రూపాయలు. ఆ వంద కోసం ఇంకో బిల్లు గడువు గుర్తుపెట్టుకోవడం దేనికిరా?

నిన్ను మురిపించింది, ఖర్చు పెట్టినందుకు బహుమతిగా ఇచ్చే పాయింట్ల సంఖ్య. పాయింటు వేరు, రూపాయి వేరు. 150 రూపాయలకు 4 పాయింట్లు అన్నారనుకో. పాయింటు పావలా చేస్తే నూటయాభైకి దక్కేది ఒక్క రూపాయి, నూటికి 67 పైసలన్నమాట. అదే పాయింటు రూపాయి చేస్తే నూటికి 2.67. నాలుగు రెట్ల తేడా! పైగా ఒకే కార్డులో అదే పాయింటుకి రెండు మూడు ధరలుంటాయి. టికెట్టుకి వాడితే ఒకటి, బిల్లులో జమ చేసుకుంటే ఇంకొకటి, మిక్సీలూ గడియారాలూ తీసుకుంటే అన్నిటికన్నా తక్కువ. మార్చుకునేటప్పుడు ఫీజు ఉందా, పాయింట్లకు గడువు ఎన్నేళ్లు, ఈ రెండూ కూడా అడుగు.

ఇక ఏ ఖర్చుకి పాయింట్లు రావో చూడాలి. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం, ఈఎంఐగా మార్చిన కొనుగోళ్లు, ప్రభుత్వానికి కట్టేవి: చాలా కార్డుల్లో వీటికి సున్నా. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు, బంగారం కొన్నిట్లో సగమో, ఒక పరిమితి వరకో ఇస్తారు. పిల్లాడి కాలేజీ ఫీజు బయటి యాప్ ద్వారా కడితే కొన్ని బ్యాంకులు ఒక శాతం ఎదురు వసూలు చేస్తాయి. మందుల హోల్‌సేలర్ కార్డు గీకితే రెండు శాతం అదనం అంటాడన్నావు కదా, అక్కడ పాయింట్ల కోసం గీకితే నష్టమే. ఇంకొకటి, దుకాణం ఏ రకానిదో బ్యాంకుకి తెలిసేది స్వైపింగ్ మెషీన్‌కి ఇచ్చిన కోడ్‌ని బట్టే. లాడ్జిలో ఉన్న మెషీన్ కిరాణా కోడ్ మీద తీసుకున్నదైతే నీకు ప్రయాణం కింద ఎక్కువ పాయింట్లు పడవు. బోర్డు మీద హోటలని రాసున్నా సరే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కార్డు గొప్పంతా విమానం చుట్టూ తిరుగుతుంది. మన దగ్గర విమానాశ్రయం ఎక్కడుందిరా? మీ ఒంగోలు నుంచి గన్నవరం నూటయాభై కిలోమీటర్ల పైమాటే, చెన్నై మూడువందల దాకా. ఏడాదికి ఒకసారి విమానం ఎక్కేవాడికి అక్కడి లాంజ్ (ప్రత్యేక విశ్రాంతి గది) భోజనం కోసం 5,900 కట్టడం నాకు మింగుడు పడదు. పైగా లాంజ్ ఇప్పుడు ఊరికే రానివ్వడం లేదు. చాలా కార్డుల్లో అంతకు ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేసి ఉండాలి. ఐసీఐసీఐ 2024 ఏప్రిల్‌లో చాలా కార్డులకు 35,000 షరతు పెట్టింది. ప్రయాణం వేసవిలో ఉంటే సంక్రాంతి నుంచే లెక్క చూసుకోవాలి. తీరా వెళ్తే ఉచితం నీ ఒక్కడికే, చెల్లెమ్మకీ పిల్లలకీ విడిగా కట్టాలి.

నువ్వు తిరిగేది రైల్లో. పిల్లాడిని చూడ్డానికి సింహపురిలోనో వందేభారత్‌లోనో హైదరాబాదు, తిరుపతికి రెండుసార్లు, ఈసారి కాశీ. అన్నీ ఏసీ టికెట్లే. అందుకే ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ ప్లాటినం లాంటి కార్డు నీకు కుదురుతుంది. మొదటి ఏడు ఫీజు 500, తరువాత 300, జీఎస్టీ అదనం. ఐఆర్‌సీటీసీ సైట్లో ఏసీ టికెట్లు కొంటే పదిశాతం దాకా పాయింట్లుగా వెనక్కి వస్తుంది, మిగతా ఖర్చులకు 125 రూపాయలకు ఒక పాయింటు. పాయింటు అంటే ఒక రూపాయి, దాంతో మళ్లీ రైలు టికెట్టే కొనాలి. కార్డుతో కడితే పడే ఒక శాతం లావాదేవీ రుసుం కూడా మాఫీ.

రైలు టికెట్లు ఏడాదికి నలభైవేలు అనుకో, నాలుగువేల దాకా. మిగతాదాంట్లో పాయింట్లు వచ్చే ఖర్చు లక్షా అరవైవేలే వేసుకుందాం, 1,280. రెండూ కలిపి 5,280. ఫీజు 590 పోను 4,690. ఆ వందతో పోల్చి చూడు! ఏసీ టికెట్టుకి కార్డుతో కడితే కన్వీనియన్స్ ఫీజు 30, యూపీఐ అయితే 20. ఆ పది రూపాయల తేడా ఉన్నా కార్డే మేలు. స్లీపర్‌లో వెళ్లేవాళ్లకి మాత్రం ఈ కార్డు చెప్పను, ఆ పదిశాతం వాళ్లకి రాదు. కార్డు రాగానే నీ ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కి లింక్ చెయ్యి, లేకపోతే పాయింట్లు టికెట్టుకి వాడలేవు. 2024 నవంబరు నుంచి బుకింగ్ 60 రోజుల ముందే మొదలవుతుంది, కాశీ టికెట్లకి ఆ తేదీ లోపల పాయింట్లు చేతిలో ఉండాలి.

నువ్వు సింగపూర్ వెళ్తే అక్కడ ఈ కార్డు తీయొద్దు. మామూలు కార్డుల్లో విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుం, మార్కప్ అంటారు, 3.5 శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే 4.13. లక్ష ఖర్చు పెడితే 4,130 పోతుంది, ఈ కార్డు పాయింట్లు దాన్ని పూడ్చలేవు. మార్కప్ లేని కార్డు ఒకటి విడిగా ఉంచుకో. ఫెడరల్ బ్యాంకుతో కలిసి స్కేపియా ఇచ్చేది అట్టాంటిదే, ఏడాది ఫీజు లేదు. దాని కాయిన్లు వాళ్ల యాప్‌లో ప్రయాణాలకే పనికొస్తాయి. అక్కడ మెషీన్ మీద రూపాయల్లోనా, సింగపూర్ డాలర్లలోనా అని అడిగితే డాలర్లే నొక్కు. రూపాయలు నొక్కావో, వాళ్ల మారకం రేటు నెత్తిన పడుతుంది.

ఒకే విమాన కంపెనీ పేరు మీద వచ్చే కార్డు జోలికి పోవద్దు. విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసిపోయింది. ఆ పేరు మీద కార్డులు తీసుకున్నవాళ్ల పాయింట్లు ఎయిరిండియా వాళ్ల మహారాజా క్లబ్‌కి మారాయి. ఏ కంపెనీని నమ్మి తీసుకున్నారో అదే లేకుండా పోయింది. విమాన కంపెనీ సొంత పాయింట్లుగా (మైళ్లుగా) ఒకసారి మార్చిన పాయింట్లు వెనక్కి రావు, టికెట్టు ఖాయం అనుకున్నాకే మార్చాలి.

ఊళ్లో చిన్న దుకాణాలకి రూపే క్రెడిట్ కార్డు యూపీఐకి కలుపుకుంటే క్యూఆర్ మీదే కట్టొచ్చు. కాకపోతే వ్యాపారి క్యూఆర్ అయి ఉండాలి, మనిషి సొంత నంబరుకి పోదు. ఈ రకం ఖర్చుకి పాయింట్లు తక్కువిచ్చే కార్డులున్నాయి, చూసుకో.

ఇది మాత్రం రెండుసార్లు చదువు. గడువు లోపల మొత్తం బిల్లు కట్టలేని నెల ఉంటుందనుకుంటే అసలు కార్డే తీసుకోవద్దు. బిల్లులో చూపే కనీస మొత్తం (మినిమమ్) కడితే చాలనుకుంటారు, కానీ వడ్డీ కొన్న రోజు నుంచీ పడుతుంది, కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీలేని గడువు పోతుంది. నలభైవేలు ఒక నెల ఉండిపోతే, నెలకి 3.5 శాతమే అనుకున్నా 1,400, జీఎస్టీతో 1,652. మన లెక్కలో ఏడాది మిగులు 4,690, మూడు నెలలు అట్టా జరిగితే చెల్లు. ఏటీఎంలో డబ్బు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ. టికెట్టు రద్దు చేసినప్పుడు కూడా జాగ్రత్త. రీఫండ్ ఆలస్యంగా జమ కావొచ్చు, దాన్ని నమ్ముకుని బిల్లు ఆపొద్దు. బిల్లు మొత్తం గడువులోపు కట్టెయ్యి, ఆ జమ వచ్చే నెల సర్దుకుంటుంది.

దరఖాస్తు ఒకేసారి నాలుగు చోట్ల పెట్టొద్దు, ప్రతిదానికీ మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌లో విచారణ నమోదై స్కోరు కొంత దిగుతుంది. షాపు ఆదాయానికి ఐటీ రిటర్నులు అడుగుతారు. అవి సరిపోవంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకో. తరువాత అక్కర్లేదనుకుంటే బకాయి లేకుండా చూసి మూసేయమని రాతపూర్వకంగా అడుగు. ఏడు పనిదినాల్లో మూయాలని, ఆలస్యానికి రోజుకి 500 చెల్లించాలని 2022 ఆర్‌బీఐ నిబంధన.

నీ బ్యాంకు స్టేట్‌మెంట్ పన్నెండు నెలలది ప్రింటు తీసి, పెట్రోలు, రైలు, ఇన్సూరెన్సు, మిగతావి అని నాలుగు రంగుల్లో గీతలు పెట్టి పంపు. నేను వేసిన నలభైవేలు, లక్షా అరవై సరైనవో కాదో అందులో తేలుతుంది. రైలు ఖర్చు పదివేలకి తగ్గితే వేరే కార్డు చూద్దాం. చెల్లెమ్మకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ రమణ