కొత్త వెర్షన్ వేస్తే మీ స్క్రిప్టుల్లో కొన్ని ఆగిపోతాయి, ముందే చెబుతున్నాం

మా కమాండ్‌లైన్ టూల్ కొని వాడుతున్న అందరికీ నమస్కారం. వచ్చే పెద్ద వెర్షన్‌లో మంచి సంగతులు ఉన్నాయి గానీ, ఇబ్బంది పెట్టేది ముందు చెప్పేస్తాను. ఇన్నాళ్లూ హాయిగా నడిచిన మీ స్క్రిప్టుల్లో కొన్ని, అప్‌డేట్ చేసిన రోజే ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. అది బగ్ కాదు, కావాలనే చేస్తున్నాం.

ఈమధ్యే కొన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ టూల్‌కు ఐపీ అడ్రస్ బ్లాకుల (వరుసగా ఉండే నెట్‌వర్క్ అడ్రస్‌ల గుంపుల) జాబితా ఇస్తే కలపగలిగినవి కలుపుతుంది, అడిగినట్టు ముక్కలు చేస్తుంది, వద్దన్నవి తీసేస్తుంది, ఏది దేనితో ఓవర్‌లాప్ అవుతోందో చెబుతుంది. దాని ప్రధానమైన పని ఇంతే.

బ్లాకు రాసేటప్పుడు గీత తర్వాతి సంఖ్య దాని సైజు చెబుతుంది: /24 అంటే 256 అడ్రస్‌లు, /32 అంటే ఒక్కటే, సంఖ్య తగ్గేకొద్దీ బ్లాకు పెద్దది. ఇప్పుడు అసలు మార్పు. ఎవరైనా 10.1.2.3/24 అని ఇస్తే టూల్ ఇప్పటిదాకా ఏమీ అనకుండా దాన్ని 10.1.2.0/24గా తీసుకునేది. చాలాసార్లు రాసినవాళ్ల ఉద్దేశం కూడా అదే. కానీ కొన్నిసార్లు కాదు. సర్వర్ ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లోంచి ఆ లైన్‌ను కాపీ చేసి ఫైర్‌వాల్ జాబితాలో పడేసిన మనిషికి కావలసింది ఆ ఒక్క మెషీన్, అంటే 10.1.2.3/32. మనం మర్యాదగా సర్దేసరికి ఒక్క అడ్రస్‌కు తెరవాల్సిన తలుపు 256 అడ్రస్‌లకు తెరుచుకుంటుంది. ఎర్రర్ లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అందుకే ఇక టూల్ ఊహించదు. లైన్ నంబర్ చెప్పి, మీరు అనుకున్నది 10.1.2.0/24 అయి ఉండొచ్చు లేదా 10.1.2.3/32 అయి ఉండొచ్చు అని రెండూ చూపించి ఆగిపోతుంది. పాత పద్ధతే కావాలంటే ఒక ఆప్షన్ ఇచ్చాం. దాన్ని ప్రతి కమాండ్‌లోనూ టైప్ చేయాలి, కాన్ఫిగ్ ఫైల్లో ఒకసారి పెట్టి మర్చిపోయే వీలు లేదు. విసుగే, తెలుసు. కానీ రేపు మీ స్క్రిప్టు చదివే కొత్త కుర్రాడికి ఆ సంగతి కళ్ల ముందు కనబడాలి కదా.

రెండోది, ముందు సున్నాలు. 192.168.001.010 లాంటివి ఇక ఒప్పుకోం. కొన్ని ప్రోగ్రాములు చివరి 010ని పదిగా చదువుతాయి, కొన్ని ముందు సున్నా చూడగానే ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే పద్ధతి) అనుకుని ఎనిమిదిగా చదువుతాయి. జాబితా తనిఖీ చేసే ప్రోగ్రాము ఒకలా, కనెక్షన్ తెరిచే ప్రోగ్రాము ఇంకోలా చదివితే తనిఖీకి అర్థమే లేదు. ఇదేదో పుస్తకాల్లో భయం కాదు. 2021లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో వాడే నెట్‌మాస్క్ ప్యాకేజీలోనూ, పైథాన్ భాష సొంత ఐపీఅడ్రస్ మాడ్యూల్‌లోనూ సరిగ్గా ఈ సున్నాల వల్లే భద్రతా లోపాలు బయటపడ్డాయి. పైథాన్ 3.9.5 నుంచి అలాంటి అడ్రస్‌లను తిరగ్గొడుతోంది. మేమూ అదే దారి.

దీనివల్ల ఎక్కువ ఇబ్బంది పడేది స్ప్రెడ్‌షీట్లలో అడ్రస్‌లు రాసుకునేవాళ్లు. అక్షరాల లెక్కన సార్ట్ చేస్తే 10.0.10.0 వచ్చి 10.0.2.0 కంటే ముందు కూర్చుంటుంది, అందుకని సున్నాలు అతికిస్తారు. మా సార్ట్ కమాండ్ అంకెల లెక్కనే చూస్తుంది, కాబట్టి ఆ సున్నాలు తీసేసినా వరుస చెడదు.

మూడోది చిన్నగా కనిపిస్తుంది గానీ అన్నింటికంటే ఇదే జాగ్రత్తగా చదవండి. ఓవర్‌లాప్ ఉందో లేదో చూసే కమాండ్ ఉంది కదా. ఆఫీసు నెట్‌వర్క్‌లో 172.17తో మొదలయ్యే అడ్రస్‌లుంటే, డాకర్ (ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపే టూల్) డీఫాల్ట్‌గా తీసుకునే 172.17.0.0/16తో గొడవ వస్తుందేమో చూడడానికి మీలో చాలామంది దీన్నే వాడుతున్నారు. పని ముగిశాక అది స్క్రిప్టుకు తిరిగిచ్చే అంకె, అంటే ఎగ్జిట్ కోడ్, ఎప్పటిలాగే: ఓవర్‌లాప్ ఉంటే 0, లేకపోతే 1, ఇన్‌పుట్ చదవలేకపోతే 2. ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ వాడినవాళ్లకు ఇది అలవాటే. మీ స్క్రిప్టులో '0 కాకపోతే ఓవర్‌లాప్ లేనట్టే, ముందుకు వెళ్లు' అని రాసుకుని ఉంటే మాత్రం ఇప్పుడే మార్చండి. టూల్ ఇక చాలా లైన్లను తిరగ్గొడుతుంది, అప్పుడు వచ్చేది 2. ఆ 2ని చూసి మీ స్క్రిప్టు 'ఓవర్‌లాప్ లేదు' అనుకుని కొత్త నెట్‌వర్క్ సృష్టించేస్తుంది. ఖచ్చితంగా 1 వస్తేనే ముందుకు వెళ్లేలా రాసుకోండి.

ఇక మీ ఉత్తరాల్లో పదేపదే వచ్చే ప్రశ్న. 10.0.1.0/24, 10.0.2.0/24 పక్కపక్కనే ఉన్నాయి, మీ టూల్ వాటిని ఒక్క /23గా ఎందుకు కలపదు? కలపలేదు, అంతే. చుక్కల మధ్య మూడో సంఖ్య సరిసంఖ్య అయిన చోటే /23 మొదలవ్వాలి. 10.0.0.0/23లో 0, 1 ఉంటాయి, 10.0.2.0/23లో 2, 3 ఉంటాయి. 1నీ 2నీ ఒకే గొడుగు కిందికి తేవాలంటే /22కి వెళ్లాలి, అప్పుడు అడగని 0, 3 కూడా వచ్చి చేరతాయి. అంటే 512 అడ్రస్‌లు అదనం.

అయినా సరే కలిపేయమని అడిగేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. రూటర్లోనో క్లౌడ్ ఫైర్‌వాల్‌లోనో రూల్స్‌కు పరిమితి ఉంటుంది, జాబితా ఎలాగోలా కుదించాలి. అందుకే ఈ వెర్షన్‌లో ఆ వసతి పెట్టాం. ఎన్ని అదనపు అడ్రస్‌లదాకా ఒప్పుకుంటారో మీరే అంకె ఇవ్వాలి, ఇవ్వకపోతే సున్నా. ఏయే బ్లాకులో ఎన్ని అదనంగా చేరాయో ఎర్రర్ స్ట్రీమ్‌లో (హెచ్చరికలు విడిగా వెళ్లే దారిలో) చెబుతుంది, మీ అసలు అవుట్‌పుట్ పైప్‌లో తర్వాతి కమాండ్‌కు శుభ్రంగానే వెళుతుంది. నన్నడిగితే, అనుమతించే జాబితాలకు దీన్ని వాడకండి. నిరోధించే జాబితాలకైతే కాస్త ఆలోచించి వాడండి.

వీపీఎన్ వాళ్లకు ఒక మాట. మొత్తం ట్రాఫిక్ వీపీఎన్‌లోంచి వెళ్లాలి, 10.0.0.0/8 మాత్రం వద్దు అంటే అన్ని అడ్రస్‌లనూ సూచించే 0.0.0.0/0 కాస్తా 8 బ్లాకులుగా విడిపోతుంది. 0.0.0.0/5తో మొదలై 128.0.0.0/1తో ముగుస్తుంది. అవుట్‌పుట్ పొడుగ్గా ఉందని కంగారు పడకండి, దానికంటే తక్కువలో కుదరదు.

'వాడుకోగలిగే అడ్రస్‌లు' అనే కాలమ్ తీసేస్తున్నాం. మొదటిదీ చివరిదీ వదిలేసి /24కి 254 అని అందరూ బట్టీ పట్టిన లెక్క అన్నిచోట్లా చెల్లదు. రెండు పరికరాలను నేరుగా కలిపే పాయింట్ టు పాయింట్ లింకుల్లో /31లోని రెండు అడ్రస్‌లూ వాడుకోవచ్చని 2000లోనే ప్రమాణం వచ్చింది. అమెజాన్ క్లౌడ్ ప్రతి సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని ఒక్కో బ్లాకులో) 5 అడ్రస్‌లు తన దగ్గరే ఉంచుకుంటుంది, కాబట్టి అక్కడ /24లో మీకు దక్కేది 251. ఎక్కడ వాడతారో తెలియకుండా టూల్ ఒక అంకె చెప్పడం నాకు నచ్చలేదు. ఇక మొత్తం మాత్రమే చూపిస్తాం.

ఐపీవీ6 (చాలా పొడవైన కొత్త తరం అడ్రస్‌లు) బ్లాకులోని అడ్రస్‌లన్నీ ప్రింట్ చేయమంటే ఇక మర్యాదగా కుదరదంటుంది. అక్కడి ఒక్క /64ని సెకనుకు పది లక్షల చొప్పున ప్రింట్ చేసినా 5 లక్షల 80 వేల ఏళ్లు దాటుతుంది.

వ్యాపారం సంగతి కూడా దాపరికం లేకుండా చెబుతాను. ఎప్పుడో ఒకసారి ఒక మాస్క్ (బ్లాకు సైజు) లెక్క చూసుకోవడానికే అయితే మీరు మాకు డబ్బు కట్టనక్కర్లేదు. ఆ లెక్కలు చేసే ఐపీక్యాల్క్ ఉచితం, పైథాన్ ఉంటే ఐపీఅడ్రస్ మాడ్యూల్ దాంతోనే వస్తుంది. వేల లైన్ల జాబితాలతో రోజూ పని ఉండి, తప్పు లైన్ ఏదో టూలే చెప్పాలనుకునేవాళ్లకు, ఉత్తరం రాస్తే మనిషి జవాబివ్వాలనుకునేవాళ్లకు మేం పనికొస్తాం. గ్రాఫిక్స్ తెర, అడ్రస్‌ల రిజిస్టర్ దాచే డేటాబేస్, క్లౌడ్ ఖాతాలోకి లాగిన్ అయ్యే సౌకర్యం అడుగుతున్నారు. మూడూ చేయం. మా టూల్ నెట్‌కు కనెక్ట్ కాదు, లైసెన్స్ తనిఖీ కూడా మీ మెషీన్‌లోనే జరుగుతుంది. ఇంటర్నెట్ లేని సర్వర్ల మీద నడుపుకునేవాళ్లు మమ్మల్ని ఎంచుకున్నది అందుకే, వాళ్లను పోగొట్టుకోలేం. ఇప్పటికే లైసెన్స్ ఉన్నవాళ్లకు ఈ వెర్షన్‌కు అదనపు ఖర్చు లేదు. నెలవారీ చందా పద్ధతికి మారే ఆలోచన కూడా లేదు.

పాత వెర్షన్ ఇంకో ఏడాదిపాటు డౌన్‌లోడ్‌కు ఉంటుంది, భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి. తొందరపడి అప్‌డేట్ చేయకండి. ముందు మీ జాబితాలను కొత్త వెర్షన్‌లోని తనిఖీ కమాండ్‌కు ఇచ్చి చూడండి. అది దేన్నీ మార్చదు, ఏయే లైన్లు ఆగిపోతాయో చూపిస్తుంది.

ఎక్కడైనా చిక్కు వస్తే ఆ లైన్లు మాకు పంపండి, కానీ మీ అసలు అడ్రస్‌లు పంపకండి. ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన బ్లాకులు మూడున్నాయి: 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24. మీ అడ్రస్‌లను వాటిలోకి మార్చి, ప్రిఫిక్స్ పొడవు (గీత తర్వాతి సంఖ్య) మాత్రం మార్చకుండా పంపితే చాలు. బ్లాకు /24 కంటే పెద్దదైతే వాటిలో పట్టదు కాబట్టి, 10తో మొదలయ్యే అడ్రస్‌లు వాడండి.