అమ్మా, ఆ ఎర్ర అంకె గురించి

అమ్మా,

ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకేం చెప్పాలో తోచలేదు, అందుకే రాస్తున్నాను. నాన్నతో కూడా చదివించు. ఇక్కడ పని మామూలే, చలి మొదలైంది.

అన్నయ్య నీకు చూపించిన నా రిపోర్టులో జీఎఫ్ఆర్ 61 అని ఎర్రగా ఉంది, నిజమే. జీఎఫ్ఆర్ అంటే కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడగడుతున్నాయో చెప్పే అంకె. అన్నయ్యకి కిడ్నీ ఇవ్వకముందు 98 ఉండేది, అదీ నిజమే. ఒకటి ఇచ్చేస్తే సగానికి సగం పడిపోవాలి కదా, మరి 49 దగ్గరే ఎందుకు ఆగిపోలేదు? మిగిలిన కిడ్నీ తన పని పెంచుకుంది కాబట్టి. దాతల్లో చాలామందికి మొదట సగానికి పడిపోయి, మెల్లగా మునుపటి దాంట్లో 60-70 శాతం దగ్గర నిలబడుతుందని ఆపరేషన్‌కి ముందే చెప్పారు.

పైగా ఆ 61 లెక్కగట్టిందే కానీ కొలిచింది కాదు. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూసి, వయసు, ఆడా మగా చూసి ఒక ఫార్ములాలో వేస్తారు. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ వడగట్టడం తగ్గితే అది రక్తంలో పెరుగుతుంది. కానీ నేను జిమ్‌కి వెళ్తున్నాను కాబట్టి కాస్త ఎక్కువే ఉంటుంది, అప్పుడు జీఎఫ్ఆర్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. 1999లో వచ్చిన పాత ఫార్ములా అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లని చూసి తయారుచేసింది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి తక్కువ చూపించేది. 2009లో కొత్తది వచ్చింది, 2021లో దాన్నీ మార్చారు, అయినా అంచనా అంచనాయే.

అందుకే మా డాక్టరమ్మ అసలు కొలతే చేయించింది. అయోహెక్సాల్ అనే మందు ఒక చేతికి ఎక్కించి, తర్వాత గంట గంటకీ రెండో చేతి నుంచి రక్తం తీశారు. ఆ మందుని శరీరం వాడుకోదు, దాదాపు అంతా కిడ్నీయే వడగట్టి బయటికి పంపుతుంది, కాబట్టి రక్తంలోంచి అది ఎంత త్వరగా తగ్గితే కిడ్నీ అంత బాగా పనిచేస్తున్నట్టు. తీసిన ప్రతి ట్యూబు మీదా నర్సు గడియారం చూసి నిమిషంతో సహా రాసింది, టైము తప్పు పడితే లెక్కంతా పాడవుతుందట. కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది కానీ వచ్చింది 70, అమ్మా. యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం లేదు, బీపీ 116/74. నాలాంటి వాళ్లకి ఒక్క అంకె కంటే ఈ రెండూ బాగుండడం, ఆ అంకె ఏటా అక్కడే నిలకడగా ఉండడం ముఖ్యం అంది.

దాతలకి ముందు ముందు అసలు ఏ రిస్కూ లేదని నేను చెప్పను. కొద్దిగా ఉంది, అది వినే సంతకం పెట్టాను. ఆపరేషన్‌కి ముందు స్కాన్ తీసి ఏ కిడ్నీ ఎంత చేస్తోందో విడివిడిగా చూశారు, కుడిది 52 శాతం, ఎడమది 48. మెరుగైనది నాకే వదిలి ఎడమది తీశారు.

“ఎందుకిచ్చావే” అన్నావు చూడు, ఆ మాట అన్నయ్య దగ్గర మాత్రం అనకు. వాడు అసలే నా రిపోర్టులు చూసి రాత్రంతా మేలుకుంటాడు, వదిన చెప్పింది. వాడు మందులు టైముకి వేసుకుంటే చాలు, నాకు ఇంకేం అక్కర్లేదు.

నా నడుం నొప్పికి నువ్వు చెప్పిన మాత్ర వద్దు, అలాంటివి నేను వేసుకోకూడదు. కాపడం పెట్టుకుంటే తగ్గింది. నాన్న బీపీ చూపించుకున్నారా? ఈ ఆదివారం ఫోన్ చేస్తాను, ఏడవకుండా మాట్లాడు.

నీ చిన్నది