నడుం వంగకపోయినా పర్లేదు, రా

ఏరా, ఎలా ఉన్నావు?

మొన్న "నా నడుమే వంగదు, నాకెందుకురా యోగా" అని నవ్వేసి ఫోన్ పెట్టేశావు. అప్పుడు క్లాసు హడావిడిలో ఉన్నాను, అందుకే ఈ ఉత్తరం.

మా దగ్గరికొచ్చేవాళ్లలో నడుం వంగనివాళ్లే ఎక్కువ. ముందు చేయించేది తాడాసనం, అంటే నిటారుగా నిలబడటమే. కళ్లు మూసుకుని, బరువు ఎక్కడ పడుతోందో చూసుకోమంటాను. బొటనవేలి మొదట్లోనా, చిటికెనవేలి వైపా, మడమ మీదా? ఒక రిటైర్డ్ టీచరమ్మ కాసేపు నిలబడి, "మాస్టారూ, బరువంతా కుడికాలి మీదే ఉందండీ, ఎడమ మడమ సరిగ్గా ఆనట్లేదు" అన్నారు. చూస్తే కాలివేళ్లు చాపని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వదలమన్నాను. "అయ్యో, పళ్లు కూడా బిగబట్టానండీ" అని తనే కనిపెట్టి దవడ వదులు చేశారు. నాకెంత సంతోషమేసిందో! ఎవరైనా శీర్షాసనం వేసినా అంత సంతోషం కలగదురా.

ఆ తర్వాత చేతులెత్తడం. ముందు ఊపిరి మొదలవ్వాలి, ఆ వెనకే చెయ్యి కదలాలి. చెయ్యి ఆగాకే ఊపిరి ఆగాలి. యోగా గురువు కృష్ణమాచార్య గారి దగ్గర నేర్చుకుని, ఆయన కొడుకు దేశికాచార్ గారు మద్రాసులో నేర్పిన పద్ధతి ఇది. ఇలా చేస్తే తొందరపడటం కుదరదు. భుజాలు చెవుల దాకా ఎగబాకితే వెంటనే తెలిసిపోతుంది. నేను ఎదురుగా నిలబడి చేసి చూపించడం కూడా తగ్గించేశాను. చూపిస్తే అందరి ధ్యాసా నా మీదే ఉంటుంది, వాళ్ల ఒంటి మీద ఉండదు. హాల్లో అద్దాలు పెట్టనిదీ అందుకే. కళ్లు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో మనకి తెలుస్తుంది కదా, కండరాల నుంచీ కీళ్ల నుంచీ మెదడుకి ఎప్పుడూ కబురు వెళ్తూనే ఉంటుంది. ఆ కబురు వినడమే నేను నేర్పేది.

పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నవి మూడే సూత్రాలు. మొదటిది 'స్థిరసుఖమాసనమ్'. స్థిరంగా, సుఖంగా ఉండాలన్నారంతే, వేళ్లు పాదాలకి తగలాలని ఎక్కడా లేదు!

2025 జూన్ 21న మన వైజాగ్ బీచ్ రోడ్డు పొడవునా లక్షల మంది యోగా చేస్తుంటే ముచ్చటేసింది. కానీ నేర్పడానికి నాకు పది మంది చాలు. ఎవరు ఊపిరి బిగబట్టారో దగ్గరగా చూడాలి కదా.

నువ్వు ముందు ఆ నడుం డాక్టరుకి చూపించుకో. నొప్పి కాల్లోకి దిగుతోందా అన్నది తప్పకుండా చెప్పు. ఆయన సరేనంటే కుర్చీలో కూర్చుని మొదలుపెడదాం. సంక్రాంతికి ఎలాగూ వస్తావు, నాలుగు రోజులు ఎక్కువ సెలవు పెట్టు.

నీ
సూరి