తెరచాపను టార్పాలిన్ ధరకు అమ్ముకోకండి

సంపాదక మహాశయా,

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ నుంచి పిల్లల్ని హుస్సేన్‌సాగర్‌కు సెయిలింగ్ శిక్షణకు పంపే తల్లిదండ్రుల కోసం ఈ ఉత్తరం. పిల్లలు నేర్చుకునే చిన్న తెరచాప పడవ ఆప్టిమిస్ట్‌లో పోటీ చేయడానికి 15 ఏళ్లు నిండే సంవత్సరమే ఆఖరు. తర్వాత ఐఎల్‌సీఏ లాంటి పెద్ద పడవకు మారాలి. పాత తెరచాప, చుక్కాని, డాగర్‌బోర్డు (పడవ పక్కకు కొట్టుకుపోకుండా నీళ్లలోకి దించే పలక) దానికి పనికిరావు. వేలకు వేలు పోసి కొన్నవి అటకెక్కుతాయి, లేదంటే ఓఎల్‌ఎక్స్‌లో అడ్డికి పావుశేరుకు పోతాయి.

ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వద్దని కాదు. లైఫ్ జాకెట్లు, తాళ్లు, పడవను ఒడ్డున నెట్టుకెళ్లే ట్రాలీ అక్కడే పెట్టండి, వాటితో పని పడేవాళ్లు చాలామంది. రేసింగ్ తెరచాప సంగతి వేరు. 3.3 చదరపు మీటర్ల ఆ గుడ్డకు అంత ధర ఎందుకో సెయిలింగ్ తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. కాబట్టి ముందు హైదరాబాద్, ముంబై, చెన్నై క్లబ్బుల కోచ్‌లను అడిగి వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించండి. చిన్న పిల్లల్ని అప్పుడే చేర్పించిన తల్లిదండ్రులు అక్కడే ఉంటారు. విదేశీ సైట్లలో రేసింగ్ దిక్సూచి, కప్పీల్లాంటి చిన్న సామాను అమ్మితే గిట్టుబాటవుతుంది. రెండు మీటర్లు దాటిన మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) పంపితే వచ్చిన ధర రవాణాకే సరిపోతుంది.

బేరం తేలేది ఫొటోల దగ్గరే. తెరచాప మొత్తం ఒక్క ఫొటో తీసి ఊరుకోవద్దు. క్లాస్ బటన్ (తెరచాపకు ఉండే అధికారిక గుర్తింపు బిళ్ల), మూలల కుట్లు, వెనక అంచు, వీటిని దగ్గరగా తీయండి. ముందుగా ఆ అంచును వేళ్లతో నలిపి చూడండి. గుడ్డ గరగరలాడితే ఇంకా బిగువుంది. ఉతికిన పంచెలా మెత్తబడితే ఎండకు సత్తువ పోయినట్టే, అది ప్రాక్టీసుకు మాత్రమే అని రాయండి. డాగర్‌బోర్డు కింది కొన, చుక్కాని కొక్కేలు కూడా చూపించండి. పడవ కూడా అమ్ముతుంటే తూకం వేయించండి. సామాను తీసేసిన ఖాళీ పడవ 35 కిలోలకు తగ్గకూడదని నిబంధన, కానీ అంతకు బాగా ఎక్కువుంటే లోపలి ఫోమ్ నీళ్లు పీల్చిందేమోనని కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. కొలతల సర్టిఫికెట్ పోగొట్టుకోవద్దు, అది లేని పడవకు పోటీల్లో ఇబ్బంది. మంచినీళ్లలోనే వాడినదైతే ఆ మాట తప్పకుండా రాయండి. ఉప్పునీటి తుప్పు పట్టని రివెట్లకు విలువుంది.

ప్యాకింగ్‌లో తెరచాపను మడతపెడితే మడత దగ్గర గీత పడి పాడవుతుంది. తెరచాపను బిగువుగా ఉంచే పుల్లలు తీసి, పీవీసీ గొట్టానికి వదులుగా చుట్టి, ఆర్టీసీ కార్గోలోనో కాజీపేట రైల్వే పార్సిల్‌లోనో వేయండి.

డబ్బు దగ్గర మరీ జాగ్రత్త. సైన్యంలో పనిచేస్తున్నామని చెప్పి, సామాను చూడకుండానే ఒప్పుకుని క్యూఆర్ కోడ్ పంపేవాళ్లున్నారు. యూపీఐలో మనకు డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పొరపాటున కొడితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మెసేజ్ చూసి పార్సిల్ వేయకండి, ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకున్నాకే వేయండి.

హుస్సేన్‌సాగర్‌లో రెగట్టాలు (తెరచాప పడవల పోటీలు) జరిగేటప్పుడు క్లబ్బులు ఒక పూట పాత సామాన్ల అమ్మకానికి చోటిస్తే, కొనేవాళ్లు చేత్తో పట్టుకుని చూసి కొంటారు. నిర్వాహకులు ఈ విషయం ఆలోచించాలని కోరుతున్నాం.

ఇట్లు,
సెయిలింగ్ శ్రేయోభిలాషులు,
హనుమకొండ