ఇళ్ల మేళాలో మేస్త్రీకి కుర్చీ ఏది?

సంపాదకుడికి,

అయ్యా,

ఒడిశాలోని మా బరంపురంలో బిల్డర్ల సంఘం వాళ్లు ఈమధ్య మూడు రోజులు ఇళ్ల మేళా పెట్టారు. మూడు రోజులూ వెళ్లాను. రిటైరైనవాడికి వేరే పనేముంది అని మా ఆవిడ అంది. ముప్పై ఎనిమిదేళ్లు సైట్ సూపర్‌వైజరుగా ఇటుక, ఇసుక మధ్య బతికినవాణ్ణి, గోడ కనిపిస్తే చేత్తో తట్టి చూడకుండా ఉండలేను. తీరా మేళాలో తట్టడానికి గోడలు లేవు, గోడల బొమ్మలున్నాయి. లోన్లిచ్చే బ్యాంకులు, టైల్స్, లిఫ్టులు, మాడ్యులర్ కిచెన్లు, పదకొండో అంతస్తు మీద ఈతకొలను. జనం మాత్రం గేటు బయట గుప్‌చుప్ (పానీపూరీ) బండి దగ్గరే ఎక్కువగా కనిపించారు.

రెండో రోజు సాయంత్రం సభ జరిగింది. రాబోయే రోజుల్లో ఇళ్ల రంగం ఎలా ఉంటుందన్నది విషయం. పెద్దలు మాట్లాడినవాటిలో తప్పు లేదు. రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, 2025 మొదట్లో 6.5 శాతం ఉండేది, ఆ ఏడాది చివరికి 5.25కి దిగింది. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 అయింది. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను. పన్ను కలపకముందు బస్తా 300 అనుకుంటే పాత లెక్కలో 384, కొత్త లెక్కలో 354. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి మా మోటు లెక్కన నాలుగు వందల బస్తాలు పడతాయి. అంటే 12,000 రూపాయలు మిగలాలి, కంపెనీలు మళ్లీ రేటు పెంచకపోతే. ఇక అప్పు సంగతి. ఇరవై లక్షలు, ఇరవై ఏళ్లకి. బ్యాంకు తగ్గింపు మొత్తం మనకిచ్చి 8.75 నుంచి 7.5కి వస్తే నెల వాయిదా సుమారు 1,560 రూపాయలు తగ్గుతుంది. మంచిదే, కాదనను.

అంబపువా వైపు, హల్దియాపదర్ వైపు ఊరు ఎలా పెరుగుతోందో చెప్పారు. అమ్మకాలు ఎలా ఉంటాయో చెప్పారు. ఆ ఇళ్లు కట్టేదెవరో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. రెండు గంటల సభలో మేస్త్రీ అన్న మాట నాకు ఒక్కసారే వినిపించింది, అదీ "లేబర్ ప్రాబ్లమ్" గురించి మాట్లాడుతూ, వర్షాలకీ ఇసుక కొరతకీ మధ్యలో. ఆ మాట అన్న పెద్దమనిషి దృష్టిలో మేస్త్రీ కూడా ఇసుకలాంటి సరుకే కాబోలు.

మా గంజాం జిల్లా సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. ఇక్కడి కుర్రాళ్లు తరతరాలుగా సూరత్ మరమగ్గాలకి వెళ్తున్నారు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో, వలస కూలీలని ఇళ్లకి చేర్చిన శ్రామిక్ రైళ్లు జగన్నాథ్‌పూర్ స్టేషన్లో దింపిన జనాన్ని చూసినవాళ్లకి ఎంతమంది వెళ్తారో వేరే లెక్క చెప్పక్కర్లేదు. రైళ్లు మళ్లీ తిరగడం మొదలుపెట్టగానే వాళ్లలో చాలామంది వచ్చిన దారినే పోయారు. ఆ లోటు కొంత సరిహద్దుకి అవతల ఆంధ్రలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి పొద్దున్నే దిగే మన తెలుగు మేస్త్రీలు పూడ్చేవారు. ఇప్పుడు అటూ అదే కథ. నా దగ్గర పాతికేళ్లు పనిచేసిన ఒక మేస్త్రీని మొన్న అడిగితే, "మా గుంటడు తాపీ ముట్టుకోనన్నాడు బాబూ. ఎండలో ఏటుంది, సూరత్‌లో నెల తిరిగితే జీతం చేతిలో పడతాది అని ఎల్లిపోనాడు" అన్నాడు. ఆయనకి అరవై దాటాయి. ఆయన తర్వాత ఆ ఇంట్లో రసమట్టం పట్టేవాడు లేడు.

చేతులు తగ్గితే కూలి పెరుగుతుందని, అంతేనని అనుకుంటాం. అంతటితో పోదు. మాలు కలపడం, ఇటుక అందించడం, తర్వాత ఎవరికీ కనిపించని వెనక గోడ మీద తాపీ పట్టడం, ఎప్పటికో ముందు గోడ. ఈ మెట్లు ఎక్కడానికి అయిదారేళ్లు పట్టేది. ఇప్పుడు ఆరు నెలల కుర్రాణ్ణి మేస్త్రీ అని దింపుతున్నారు. వాడి తప్పు కాదు, నేర్పేవాడు లేడు. దాని ఫలితం పదేళ్ల తర్వాత తెలుస్తుంది. మాకు గోపాల్‌పూర్ సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరం, గాలిలోనే ఉప్పు. స్లాబు పోసేటప్పుడు ఊచల్ని చెక్కకి ఎత్తుగా నిలిపే చిన్న సిమెంటు దిమ్మలు, అంటే కవర్ బ్లాకులు, పెట్టకపోతే ఊచ వెళ్లి సెంట్రింగ్ చెక్కకి ఆనుతుంది. దాని కింద సిమెంటు పొర కాగితమంత. తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. పిల్లాడు పడుకున్న మంచం మీద పడినప్పుడు గానీ ఇంటాయనకి తెలియదు. అలాంటివి రెండు ఇళ్లు నా కళ్లారా చూశాను.

నీళ్లు పట్టే సంగతీ అంతే. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసినదానికి 10 రోజులు తడి ఆరకూడదని కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456లో ఉంది. ఈ రోజుల్లో దుకాణంలో ఎక్కువగా దొరికేది ఫ్లైయాష్‌దో, స్లాగుదో. మూడో రోజుకే గోనెసంచులు తీసేసి పక్క సైటుకి పట్టుకెళ్లే కాంట్రాక్టర్లని చూస్తున్నాను. మా పాత మేస్త్రీ అయితే ఊరుకునేవాడు కాదు, ఓనరుతోనే గొడవపడేవాడు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో రేకులు లేచిపోయాయి, ట్యాంకులు దొర్లాయి, రెండు ఇళ్ల పిట్టగోడలు రోడ్డు మీద పడ్డాయి. ఆయన కట్టిన పిట్టగోడ ఇప్పటికీ అలాగే ఉంది. స్లాబులోంచి ఊచలు పైకి వదిలి కట్టమని ఆయనకి ఏ ఇంజనీరూ చెప్పలేదు, నాతో సహా.

ఒడియాలో తాపీ మేస్త్రీని రాజమిస్త్రీ అంటారు. రాజు పేరులోనే ఉన్నాడు, మేళాలో మాత్రం కుర్చీ లేదు.

సంఘం వాళ్లని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వాళ్లలో సగంమంది నాకు తెలిసినవాళ్లే, కొందరు మంచి ఇళ్లు కట్టారు. వాళ్ల చేతిలో ఉన్న పనే ఒకటి అడుగుతున్నాను. కట్టడం ఖర్చులో 1 శాతం కార్మికుల కోసం సెస్సు వసూలు చేయాలని 1996 నుంచి చట్టం ఉంది. ఆ డబ్బు సంక్షేమ బోర్డుకి వెళ్తుంది. అందులోంచి సాయం రావాలంటే మేస్త్రీ పేరు అక్కడ నమోదై ఉండాలి. పద్దెనిమిది నుంచి అరవై లోపు వయసుండాలి, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు కట్టడం పనిలో ఉన్నట్టు రుజువు చూపాలి. ఆ రుజువు దగ్గరే బండి ఆగిపోతుంది. పని చేయించుకున్నవాడు సంతకం పెట్టడు. పెడితే రేపు ఏం మీదికొస్తుందో అని టెన్షన్. కూలీ చేసే ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. ఇరవై ఏళ్లు తట్ట మోసినా వాళ్ల పేరు మస్టరులో "ఇతరులు" అన్న వరసలో ఉంటుంది. వాళ్ల చేతికి తాపీ ఇచ్చి చూద్దామని నాకూ ఎప్పుడూ తోచలేదు, ఒప్పుకుంటున్నాను.

ఇక సరిహద్దు మేస్త్రీ. అటు ఇచ్ఛాపురంలో నలభై రోజులు, ఇటు బరంపురంలో అరవై రోజులు. కలిపితే వంద. ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎవరు సంతకం పెట్టాలి? ఫారం ఇక్కడ ఒడియాలో, అక్కడ తెలుగులో. ఆయన మాట్లాడేది రెండూ, చదివేది ఏదీ కాదు.

అందుకే, వచ్చే మేళాలో మూడో రోజు పొద్దున్న పూట మేస్త్రీలకి ఇవ్వండి అంటున్నాను. లేబర్ ఆఫీసు వాళ్లని పిలిచి ఒక టేబుల్ వేయించండి. సభ్యులైన బిల్డర్లు తమ సైట్లలో పనిచేసినవాళ్ల 90 రోజుల కాగితాల మీద అక్కడికక్కడే సంతకాలు పెట్టాలి. ఒక మూల కవర్ బ్లాకులు, ఒక పిల్లర్ రింగులు, ఒక ఇటుక వరస పెట్టి పాత మేస్త్రీ చేత చేయించి చూపించండి, తెలుగులోనూ ఒడియాలోనూ. గ్రామీణ ఆవాస్ పథకంలో మేస్త్రీలకి 45 రోజుల శిక్షణ ఉంది, నేర్చుకునేవాళ్లు నిజం ఇల్లే కడతారు. అలాంటిది ఊళ్లో అపార్ట్‌మెంటు సైట్ల మీద పెట్టడానికి సంఘానికి సత్తా లేదని నేననుకోను. ఈతకొలను బొమ్మ వేయించిన ఖర్చులో కొంత చాలు.

ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లకీ ఆ పూట పనికొస్తుంది. నేను తెచ్చుకున్న కరపత్రాల్లో రెండింటి మీద రెరా నంబరే లేదు, అంటే ఇళ్ల ప్రాజెక్టులని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ ఇచ్చే నంబరు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది మించినా ముందు నమోదు కావాలి, ఆ తర్వాతే ప్రకటన. పట్టాలో భూమి కిసమ్ (రకం) ఇంకా పొలంగానే ఉందా, ఘరబారిగా (ఇళ్ల స్థలంగా) మారిందా అని అడిగితే స్టాల్లో కుర్రాడు తెల్లమొహం వేశాడు. చదువుకున్న నాకే ఆ జవాబు. ఇచ్ఛాపురం నుంచి వచ్చి బరంపురంలో ఫ్లాటు కొందామనుకునే టీచరు గారికి ఏం చెప్తారో. సరే, అది వేరే ఉత్తరం.

మూడో రోజు రాత్రి జనం వెళ్లిపోయాక కాసేపు అక్కడే నిలబడ్డాను. షామియానాలు విప్పేవాళ్లు వచ్చారు, స్టాళ్ల చెక్కలు మేకులు పీకి లారీలో వేస్తున్నారు. పన్నెండుమంది ఉంటారు. సంక్షేమ బోర్డులో నమోదైనట్టు చూపే లేబర్ కార్డు ఉందా అని అడిగాను. ఒకాయన జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. రెన్యువల్ తేదీ దాటిపోయింది. మిగతావాళ్లు అదేంటని నన్నే అడిగారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.